హౌరాలో దిగాం, రాత్రికి ఇంకో బండి.. మధ్యలో ఏం చూడాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం కలకత్తా మీదే. డార్జిలింగ్ పోయేవాళ్ళు, పరీక్ష రాయడానికి పోయేవాళ్ళు, పూజలకి పోదామనుకునేవాళ్ళు.. ఎవరికి చూసినా ఆ ఊళ్ళో దొరికేది ఒక్క పగలే. అందుకని ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేశా, మిగతా ఊళ్ళవాళ్ళు ఏమనుకోకండి.

ప్రశ్న: డిసెంబర్ చివర్లో నేను, మావారు, మా అత్తగారు, ఏడో క్లాసు చదివే మా బాబు డార్జిలింగ్ వెళ్తున్నాం. సోమవారం పొద్దున్న ఆరింటికి హౌరాలో దిగుతాం, రాత్రి పది దాటాక సియాల్దా నుంచి బండి. మా పక్కింటాయన దక్షిణేశ్వర్, బేలూరు మఠం, కాళీఘాట్, విక్టోరియా, మ్యూజియం, జూ, సైన్స్ సిటీ అన్నీ ఒక కారు మాట్లాడుకుంటే అయిపోతాయంటున్నారు. అత్తగారికి కాళీమాత దర్శనం తప్పనిసరి. బాబుకి మ్యూజియంలో మమ్మీ చూడాలట. లగేజీ ఎక్కడ పెట్టాలో కూడా చెప్పండి.
ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు ఆ పక్కింటాయన లిస్టు మడిచి పక్కన పెట్టేయండి. ఆయన చెప్పినవన్నీ కారు అద్దంలోంచి చూడొచ్చు, కాదనను, దిగి చూడ్డమే కుదరదు. ఇంకా ఆయన చెప్పని సంగతి ఒకటుంది, మీరు దిగేది సోమవారం. ఆ రోజు ఇండియన్ మ్యూజియం సెలవు, విక్టోరియా మెమోరియల్ లోపలి గ్యాలరీలు సెలవు, ఠాగూర్ ఇల్లు సెలవు, నేతాజీ ఇల్లూ సెలవే. అంటే మమ్మీ ఈసారికి లేనట్టే, ఆ మాట బాబుకి రైలెక్కకముందే చెప్పేయండి, అక్కడిదాకా తీసుకెళ్ళి గేటు ముందు చెప్తే మీకే కష్టం. తిరుగు ప్రయాణం కూడా కలకత్తా మీదుగానే అయితే, ఆ రోజు సోమవారం కాకపోతే, ఓ రెండు గంటలు మ్యూజియానికి ఉంచుకోండి. 1814లో పెట్టింది అది, మన దేశంలో అన్నిటికంటే పాత మ్యూజియం, మమ్మీతో పాటు భార్హుత్ స్తూపం ఎర్రరాతి కంచె కూడా అక్కడే ఉంది.

రెండోది వెలుతురు. ఊరికి కొత్తగా వెళ్ళేవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోరు, అక్కడే ప్లాన్ అంతా తిరగబడుతుంది. దేశం మొత్తానికి ఒకటే టైం పెట్టుకున్నాం, అది 82.5 డిగ్రీల రేఖ టైం, మీ వైజాగ్ దాదాపు ఆ రేఖ పక్కనే ఉంటుంది, కలకత్తా చూస్తే 88 డిగ్రీలు దాటి తూర్పున ఉంది. అందుకని అక్కడ ముందే తెల్లారుతుంది, ముందే పొద్దుపోతుంది. డిసెంబర్ చివర్లో సాయంత్రం ఐదింటికల్లా సూర్యుడు కిందికి దిగిపోతాడు, ఐదున్నరకి చీకటి. మీ పక్కింటాయన లిస్టులో సాయంత్రం ఐదు తర్వాత చూడాల్సినవి కనీసం మూడుంటాయి, చూడండి కావాలంటే. కలకత్తాలో ఒక్క రోజే ఉంటే చేయాల్సింది పొద్దున్నే మొదలుపెట్టడం, నాలుగున్నరకి నది దగ్గరికి చేరుకోవడం, మిగతావన్నీ ఆ రెంటి మధ్య ఎన్ని పడితే అన్నే.

ఇంక మీ రోజు. మన వైపు నుంచి వచ్చే బళ్ళు హౌరాలో మామూలుగా కొత్త బిల్డింగు వైపు, పదిహేడో నంబరు నుంచి ఉండే ప్లాట్‌ఫారాల మీద ఆగుతాయి. వెయిటింగ్ రూంలో మొహాలు కడుక్కుని, సామాను క్లోక్‌రూంలో ఇచ్చేయండి. ప్రతి బ్యాగుకీ తాళం ఉండాలి, లేకపోతే తీసుకోరు, టికెట్టు కూడా చూపించమంటారు. రాత్రి బండి సియాల్దా నుంచి కదా, సామాను ఇక్కడెందుకు అనుకుంటారేమో, సాయంత్రం మిమ్మల్ని మళ్ళీ హౌరాకే తీసుకొస్తున్నా, ఓపిక పట్టండి. మీలో ఎవరైనా తప్పిపోతే కలుసుకోడానికి పాత బిల్డింగులో పెద్ద గడియారం ఉంది, 1926 నుంచీ ఊరంతా దాని కిందే కలుసుకుంటారు.

బయటికి రాగానే హౌరా బ్రిడ్జి. 1943లో తెరిచారు, నట్లూ బోల్టులూ లేకుండా మొత్తం రివెట్లతోనే బిగించిన బ్రిడ్జి అది, మధ్యలో ఒక్క స్తంభం కూడా నీళ్ళలో ఉండదు, 457 మీటర్లు గాల్లోనే. మీ బాబుని, మీవారిని ఫుట్‌పాత్ మీద నడిపించండి, పావుగంటలో దాటేస్తారు, కాకపోతే తలమీద మూటలతో పరుగెత్తే కూలీలకి దారి వదలాలి, వాళ్ళు ఆగరు, ఆగలేరు. అత్తగారూ మీరూ టాక్సీలో దాటి అవతల దిగండి. అవతల బ్రిడ్జి కిందే మల్లిక్ ఘాట్ పూల మార్కెట్టు. ఏడింటికల్లా అక్కడుండాలి, తొమ్మిదైతే సందడి తగ్గిపోతుంది. బంతిపూల దండలు బారలు బారలు గుత్తులుగా కట్టి మెడల్లో, భుజాల మీద వేసుకుని మనుషులు నడిచొస్తుంటారు, మనిషి కనపడడు, పసుపూ నారింజా కుప్పలే కదులుతుంటాయి. కింద అంతా తడి, నలిగిన ఆకులు, బురద, మంచి చెప్పులు వేసుకోవద్దు, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకోండి. అక్కడే ఎర్ర మందారాల దండలు అమ్ముతారు, విచ్చీవిచ్చని మొగ్గలు దగ్గర దగ్గరగా గుచ్చి. కాళీమాతకి మందారమే ప్రీతి. అత్తగారి చేత ఒక దండ కొనిపించండి, బేరం ఆవిడ్నే ఆడమనండి, భాష రాకపోయినా ఆడేస్తారు.

అక్కడినుంచి టాక్సీలో మహాత్మాగాంధీ రోడ్ మెట్రో స్టేషన్, అక్కడ బ్లూ లైన్ ఎక్కితే చివరి స్టేషన్ దక్షిణేశ్వర్. 2021లో మెట్రో అక్కడిదాకా వెళ్ళాక కారు మాట్లాడుకోవాల్సిన పనే పోయింది. స్టేషన్ నుంచి గుడిదాకా స్కైవాక్ ఉంది, ఎస్కలేటర్లు ఉన్నాయి, అత్తగారికి ఇబ్బంది ఉండదు. ఫోన్లు, కెమెరాలు లోపలికి రానివ్వరు, కౌంటర్లో పెట్టాలి, నలుగురివీ ఒకే సంచిలో వేసి ఒకే టోకెన్ తీసుకోండి. రాణీ రాస్‌మణి 1855లో కట్టించిన గుడి, రామకృష్ణ పరమహంస పూజారిగా ఉన్న చోటు, ఆయన గది కూడా అక్కడే చూడొచ్చు. గంగ (ఆ ఊళ్ళో హుగ్లీ అంటారు) ఒడ్డున పెద్ద రాతి ప్రాంగణం, ఓ అరగంట ఊరికే కూర్చోండి. ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది, మధ్యాహ్నం పన్నెండున్నరకి గుడి మూసేస్తారు, మళ్ళీ మూడు తర్వాతే. అందుకే దీన్ని పొద్దున్నే పెట్టా. అక్కడినుంచి పడవలో బేలూరు మఠం పోవచ్చని అందరూ చెప్తారు, నిజమే, కానీ మఠం కూడా మధ్యాహ్నం మూసేస్తుంది, పడవ కోసం లైన్లో నిలబడి అవతలికి వెళ్ళేసరికి గేటు పడితే మీ రోజు మొత్తం పోతుంది. వద్దు. కాళీఘాట్ కూడా ఈసారికి వద్దు, అమ్మవారి దర్శనం అయిపోయింది కదా.

తిరిగి అదే లైన్లో శోభాబజార్ దగ్గర దిగితే పది పదిహేను నిమిషాల నడకలో కుమార్‌టులి. బొమ్మలు చేసేవాళ్ళ వాడ. డిసెంబర్ అంటే సరస్వతీ పూజకి విగ్రహాలు తయారవుతుంటాయి. సందు సందంతా వెదురు కర్రలకి గడ్డి చుట్టి తాడుతో బిగించిన మొండేలు నిలబడి ఉంటాయి, తలలుండవు. తలలు అచ్చుల్లో పోసి వేరేగా ఆరబెడతారు, వేళ్ళు చేతిలో నలిపి విడిగా చేసి తర్వాత అతికిస్తారు. ఒక చెక్క మీద వరసగా ఆరబెట్టిన మట్టివేళ్ళు చూస్తే మీ బాబు మమ్మీ సంగతి మర్చిపోతాడని నా నమ్మకం. ఫొటో తీసేముందు అడగండి, కొందరు కొంచెం డబ్బు అడుగుతారు, ఇచ్చేయండి, పని ఆపి మీకోసం పక్కకి జరుగుతారు కదా.

భోజనం అయ్యాక మూడున్నరకి విక్టోరియా. గ్యాలరీలు సెలవైనా తోట తెరిచే ఉంటుంది, నిజం చెప్పాలంటే ఆ కట్టడం లోపలికంటే బయటే బాగుంటుంది. తాజ్‌మహల్ రాయి తెచ్చిన మక్రానా నుంచే దీనికీ పాలరాయి తెచ్చారు. 1906లో పునాది వేశారు, 1921లో తెరిచారు, ఈలోపల 1911లోనే రాజధాని ఢిల్లీకి మారుస్తున్నామని ప్రకటించేశారు, అంటే రాజధాని కోసం మొదలుపెట్టిన భవనం పూర్తయ్యేసరికి ఊరు రాజధాని కాదు. బల్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు తినండి. నాలుగున్నరకి లేచి టాక్సీలో బాబూఘాట్, అక్కడినుంచి హౌరాకి లాంచీ. టికెట్టు చిల్లర డబ్బులే. సూర్యుడు అటువైపు దిగుతుంటే మీరు నీళ్ళ మీద ఉంటారు, ఎదురుగా బ్రిడ్జి దీపాలు వెలుగుతుంటాయి, ఇదే ప్రయాణానికి సాయంత్రం కారులో వెళ్తే గంట ట్రాఫిక్.

హౌరాలో సామాను తీసుకుని మెట్రోలో సియాల్దా. ఇది మీ బాబుకి నా తరఫు నుంచి. హౌరా స్టేషన్ దగ్గరే భూమి లోపల ముప్పై మీటర్ల పైచిలుకు లోతున మెట్రో స్టేషన్ ఉంది, బండి కదిలిన కాసేపటికి హుగ్లీ నది కిందనుంచి పోతుంది, 520 మీటర్లు, ముప్పావు నిమిషం. 2024 మార్చిలో ఎస్‌ప్లనేడ్ దాకా మొదలైంది, 2025 ఆగస్టులో సియాల్దాకి కలిపేశారు, అంతకుముందు ఈ రెండు స్టేషన్ల మధ్య సామాను వేసుకుని టాక్సీలో పడ్డ పాట్లు వెళ్ళినవాళ్ళకే తెలుసు. ఇప్పుడు పావుగంట కూడా పట్టదు. కిటికీలోంచి చేపలు కనపడవు, నీలిరంగు లైట్లే కనపడతాయి, అది కూడా ముందే చెప్పి ఉంచండి. మీకు ఇంకా రెండు మూడు గంటలు మిగుల్తాయి. క్రిస్మస్ లైట్లు చూడ్డానికి పార్క్ స్ట్రీట్ వెళ్దామని మీవారు అంటారు. ఆ వారంలో అక్కడ ఇసకేస్తే రాలని జనం ఉంటారు, పెద్దావిడతో వద్దు. నింపాదిగా తినేసి బండెక్కండి.

ప్రశ్న: మేం ముగ్గురం ఫ్రెండ్స్, శనివారం కలకత్తాలో ఒక ఎగ్జామ్ ఉంది, ఆదివారం మొత్తం ఖాళీ, రాత్రికి తిరుగు బండి. డబ్బులు తక్కువ, తిండి మీద ఇంట్రెస్ట్ ఎక్కువ, ఫొటోలు కావాలి. కాలేజ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాలు కొనాలని ఉంది.
గుంటూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: బాబూ, కాలేజ్ స్ట్రీట్ ఆదివారం పెద్దగా ఉండదు, షాపులు చాలావరకు మూసే ఉంటాయి. శనివారం పరీక్ష అవగానే నేరుగా అక్కడికే పోండి, చీకటి పడేలోపు ఓ గంటన్నర దొరికినా చాలు. ఫుట్‌పాత్ మీద గోడ పొడుగునా చెక్క డబ్బాల్లాంటి కొట్లు, మీకు ఏ పుస్తకం కావాలో చెప్తే ఆ కుప్పలోంచి వేలు పెట్టి తీస్తారు. పక్కనే ఆల్బర్ట్ హాల్‌లో ఇండియన్ కాఫీ హౌస్, ఎత్తైన సీలింగు, పొడుగు కాడల ఫ్యాన్లు, తలపాగా పెట్టుకున్న సర్వర్లు. కాఫీ గురించి నన్నడిగితే మన వైపు తాగినవాళ్ళకి ఆనదు. అక్కడికి వెళ్ళేది కాఫీ కోసం కాదు, అక్కడి అరుపుల కోసం, ఒక్కో టేబుల్ దగ్గర ఒక్కో యుద్ధం జరుగుతుంటుంది.

ఆదివారానికి మాత్రం అందరూ చెప్పే దారి వదిలేయండి. పొద్దున్నే ఆరింటికి లేవగలిగితే (లేవరని తెలుసు, అయినా చెప్తున్నా) లాల్‌బజార్ వెనక తిరెట్టా బజార్ వెళ్ళండి. ఎన్నో తరాలుగా అక్కడ ఉన్న చైనా కుటుంబాలు రోడ్డు మీద టిఫిన్ అమ్ముతాయి, మోమోలు, చేపముద్దల సూపు, ఆవిరిమీద ఉడికిన బన్నులు, ఆదివారం ఎక్కువ రకాలుంటాయి. ఎనిమిది దాటితే గిన్నెలు కడిగేస్తుంటారు. ఆదివారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది, దాన్ని నమ్ముకోకండి, బస్సో క్యాబో చూసుకోండి, ముగ్గురు పంచుకుంటే పెద్ద ఖర్చేం కాదు.

తినేసి అక్కడినుంచి నడిచే బీబీడీ బాగ్ వెళ్ళిపోండి, పాత డల్హౌసీ స్క్వేర్. మామూలు రోజుల్లో ఆ చుట్టూ ఆఫీసుల జనంతో కాలు పెట్టే సందుండదు, ఆదివారం పొద్దున రోడ్డు మధ్యలో నిలబడి ఫొటో తీసుకోవచ్చు. ఎర్రటి రైటర్స్ బిల్డింగు, 1777లో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాల కోసం మొదలుపెట్టింది, పక్కన తెల్ల గుమ్మటంతో జనరల్ పోస్టాఫీసు, 1868ది, పాత ఫోర్ట్ విలియం కోట ఉన్న చోటే కట్టారు. ఫొటోలకి ఊళ్ళో ఇంతకంటే మంచి చోటు లేదు, మీరు చూస్తే అందరూ విక్టోరియా ముందు తీసుకున్న ఫొటోనే తీసుకొస్తారు. పది దాటాక ఎండ ఎక్కితే ఇండియన్ మ్యూజియంలోకి దూరండి, ఆదివారం తెరిచే ఉంటుంది.

మధ్యాహ్నం బిర్యానీ. అందులో బంగాళాదుంప ఉంటుంది, చూసి మొహం మాడ్చుకోకండి. 1856లో ఇంగ్లీషువాళ్ళు అవధ్ లాక్కుంటే నవాబు వాజిద్ అలీ షా వంటవాళ్ళతో సహా వచ్చి మెటియాబ్రూజ్‌లో ఉండిపోయాడు, ఈ ఊరి బిర్యానీ వాళ్ళ వంటిళ్ళలోంచి వచ్చిందే, దుంప ఎందుకేశారన్నదానికి ఎవరి కథ వాళ్ళకుంది. మన గుంటూరు నాలుకకి కారం తక్కువ, వాసన ఎక్కువ. ఆ దుంప మాత్రం వదలొద్దు, మసాలా మొత్తం అదే పీల్చుకుని ఉంటుంది, నాకైతే ముక్క కంటే అదే ఇష్టం. సాయంత్రం మైదాన్ గడ్డిలో కూర్చుంటే మీ చుట్టూ ఒకదానిలోకి ఒకటి వచ్చేస్తూ ఎన్నో క్రికెట్ మ్యాచ్‌లు నడుస్తుంటాయి, ఏ బాల్ ఎవరిదో వాళ్ళకే తెలియాలి. తర్వాత న్యూ మార్కెట్ వైపు కాఠీ రోల్, పెనం మీద పరాఠా వేసి, దాని మీదే గుడ్డు కొట్టి తిప్పి, లోపల కబాబు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ పిండి కాగితంలో మెలితిప్పి ఇస్తాడు. కాగితం మొత్తం ఒకేసారి విప్పకండి, తింటున్నంత మేరకే చింపుకుంటూ పోవాలి. ఆ పైన పుచ్కా. పానీపూరీయే, దుంపలో మసాలా ఎక్కువ, చింతపండు పులుపు ఎక్కువ. బండి ఎక్కేముందు తినొద్దు, ఎందుకో చెప్పక్కర్లేదు.

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు టీచర్ని. బుధవారం ఒక్క రోజు కలకత్తాలో ఉంటాను. గుళ్ళూ షాపింగూ వద్దు. రవీంద్రుడి ఇల్లు, నేతాజీ ఇల్లు చూస్తే చాలు. మోకాళ్ళు సహకరించవు.
ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారూ, వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్లాన్ మీదే, రెండే రెండు పెట్టుకున్నారు. బుధవారం రెండూ తెరిచే ఉంటాయి. పొద్దున్న తొందరపడొద్దు, రెండూ పదిన్నర పదకొండు ప్రాంతంలోనే తెరుస్తారు. జొరాసాంకో ఠాకూర్‌బాడికి గిరీష్ పార్క్ మెట్రోలో దిగాలి, నడక పది నిమిషాలే గానీ సందులు, రిక్షా చేయించుకోండి. రవీంద్రుడు 1861లో పుట్టింది ఆ ఇంట్లోనే, 1941 ఆగస్టు 7న కన్నుమూసిందీ ఆ ఇంట్లోనే, రెండు గదులూ చూపిస్తారు. గదుల్లోకి చెప్పులు వదిలి వెళ్ళాలి, మేజోళ్ళు తెచ్చుకోండి, శీతాకాలంలో ఆ గచ్చు జివ్వుమంటుంది. మేడ ఎక్కాలి, మెట్లు ఉన్నాయి, కానీ నింపాదిగా ఎక్కితే ఎవరూ తొందరపెట్టరు. పక్కనే మార్బుల్ ప్యాలెస్ ఉందని ఎవరో ఒకరు చెప్తారు, దానికి ముందు రోజే టూరిజం ఆఫీసు నుంచి అనుమతి కాగితం తెచ్చుకోవాలి, మీకు ఆ తిప్పలెందుకు.

మళ్ళీ గిరీష్ పార్క్‌కి వచ్చి అదే మెట్రో ఎక్కితే మారకుండా నేతాజీ భవన్ స్టేషన్. మధ్యలో ఎస్‌ప్లనేడ్‌లో దిగి భోంచేసి కాసేపు కూర్చుంటే మోకాళ్ళకి విశ్రాంతి. ఎల్గిన్ రోడ్డులో ఇల్లు, 1941 జనవరిలో ఇంగ్లీషు పోలీసులు చుట్టూ కాపలా ఉండగా అర్ధరాత్రి దాటాక ఆయన బయటపడింది ఆ ఇంట్లోంచే. అన్నగారబ్బాయి శిశిర్ బోస్ కారు నడిపి గోమో స్టేషన్ దాకా దింపి వచ్చాడు. ఆ కారు, జర్మన్ వాండరర్, ఇప్పటికీ అక్కడే అద్దాల వెనక ఉంది. కారు చూస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది, ఎంత చిన్నదో. అంతమంది కళ్ళుగప్పి ఆ పఠాన్ వేషం అందులో ఎలా ఇమిడిందా అని అక్కడే నిలబడి ఆలోచించేవాళ్ళని చూశాను. నాలుగింటిలోపే లోపలికి వెళ్ళిపోండి, ఆ తర్వాత లోపలికి రానివ్వకపోవచ్చు.

ప్రశ్న: దుర్గా పూజకి అష్టమి నాడు ఒక్క రోజు ఉండేలా వెళ్తే ఊరు కూడా చూడొచ్చా?
ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఊరు చూడలేరండీ, పూజ చూస్తారు, రెండూ ఒకే రోజు పడవు. ఆ రోజు పగలు పడుకోండి, సాయంత్రం మొదలుపెట్టి తెల్లారేదాకా మండపాలు తిరగండి, ఆ ఊరంతా చేసేది అదే. ఉత్తరాన బాగ్‌బజార్ వైపు పాతకాలపు పద్ధతి విగ్రహాలు, దక్షిణాన కొత్త కొత్త థీములు, ఒక వైపే పెట్టుకోండి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం ఇంకా పెరిగారు. కార్లు చాలా రోడ్లలోకి రానివ్వరు, మెట్రో ఆ రోజుల్లో రాత్రి చాలా పొద్దుపోయేదాకా నడుస్తుంది. హోటల్ గది మాత్రం నెలల ముందు చూసుకోండి.

ప్రశ్న: మేం శాకాహారులం, ఉల్లి కూడా తినం. కలకత్తాలో తిండి దొరుకుతుందా? కాళీఘాట్‌లో పండాల గురించి భయపెడుతున్నారు, నిజమేనా?
ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: దొరుకుతుంది. మార్వాడీలు తరతరాలుగా ఉన్న ఊరు, బడాబజార్ చుట్టుపక్కల ఉల్లి వెల్లుల్లి లేని భోజనశాలలు కావలసినన్ని. బెంగాలీ హోటల్లో అడగాలంటే 'నిరామిష్' అనండి. ఆవనూనె వాసన మొదటి ముద్దకి అదోలా ఉంటుంది, నాలుగో ముద్దకి పోతుంది. ఇంక స్వీట్లు మీకు అడ్డేముంది, చలికాలం అయితే కొత్త ఖర్జూర బెల్లంతో చేసిన సందేశ్ తప్పకుండా తినండి, మిగతా నెలల్లో ఆ రుచి దొరకదు. రసగుల్లా డబ్బాలో కాకుండా షాపులోనే మట్టి ముంతలో తినండి.

పండాల మాట నిజమే. మెట్రో దిగిన దగ్గర్నుంచే వెంటపడతారు, త్వరగా దర్శనం చేయిస్తామంటారు, సంకల్పం చెప్తూ మధ్యలో అంకె చెప్తారు. వద్దనుకుంటే ముందే, గట్టిగా, నడుస్తూనే వద్దనండి, ఆగి మాట్లాడితే అయిపోయారు. చెప్పులు పెట్టమని పిలిచే పూజసామాను కొట్లో కూడా బుట్ట ధర ముందే అడగండి. గుడి మధ్యాహ్నం రెండింటికి మూసి సాయంత్రం ఐదుకి తెరుస్తారు, మంగళ, శనివారాలు జనం ఎక్కువ, ఒక్క రోజు ప్రయాణంలో ఆ రోజులు తప్పించగలిగితే తప్పించండి.

ప్రశ్న: పసుపు టాక్సీ ఎక్కాలా, యాప్ క్యాబా? ట్రామ్ ఇంకా ఉందా?
ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రేటు గొడవ లేకుండా కావాలంటే యాప్. పసుపు అంబాసిడర్ ఎక్కాలని ఉంటే ఇప్పుడే ఎక్కేయండి, ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది, పదిహేనేళ్ళు నిండినవాటిని రోడ్డు మీదినుంచి తీసేస్తున్నారు. 1873లో గుర్రాలతో మొదలైన ట్రామ్ కూడా దాదాపు పోయినట్టే, ఒకటి రెండు రూట్లు మిగిలాయి. ఎస్‌ప్లనేడ్ డిపో దగ్గరికి వెళ్ళి ఏది కదులుతుంటే అది ఎక్కండి, ఎక్కడికి పోతుందని అడగొద్దు, టైం లెక్క ఉన్న రోజున మాత్రం ఎక్కొద్దు.

ప్రశ్న: మీరు ఇంత ప్లాన్ చెప్తారు సరే, బండి నాలుగు గంటలు లేటయితే ఏం చేయాలి? మా టికెట్టు మీద షాలిమార్ అని ఉంది, అది హౌరాయేనా?
ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: షాలిమార్ వేరు, హౌరా వేరు. మన వైపు నుంచి వెళ్ళే కొన్ని బళ్ళు ఇప్పుడు అక్కడే ఆగిపోతాయి, ఇంకొన్ని సాంత్రాగాచిలో. షాలిమార్ దగ్గర మెట్రో లేదు, అక్కడినుంచి ఊళ్ళోకి టాక్సీయే గతి, దానికో ముప్పావుగంట అదనంగా వేసుకోండి. వచ్చిన బంధువులు హౌరాలో పెద్ద గడియారం కింద నిలబడి మీరు షాలిమార్‌లో నిలబడితే ఇద్దరికీ తలనొప్పి, టికెట్టు ఫొటో తీసి వాళ్ళకి పంపించండి.

బండి లేటయితే ముందు లిస్టులోంచి కొట్టేయాల్సింది దక్షిణేశ్వర్, పదకొండు తర్వాత ఊళ్ళోకి వస్తే మీరు వెళ్ళేసరికి తలుపులు పడతాయి. దర్శనం కావాల్సిందే అంటే సాయంత్రం ఐదుకి కాళీఘాట్ పెట్టుకోండి. పూల మార్కెట్టు ఎలాగూ పోయింది. మిగిలిన మధ్యాహ్నంలో మ్యూజియంకి ఒక గంట, విక్టోరియా తోటకి ఒక గంట ఇవ్వండి, సోమవారం అయితే కుమార్‌టులి, విక్టోరియా తోట చాలు. కాళీఘాట్ లేకపోతే నాలుగున్నరకి బాబూఘాట్ లాంచీ ఎక్కేయండి, అది ఎంత లేటయినా కొట్టేయొద్దు. మధ్యాహ్నం మూడు దాటాక దిగితే మాత్రం ఏ ప్లానూ వద్దు, సామాను క్లోక్‌రూంలో పడేసి, టాక్సీలో నేరుగా నది దగ్గరికి పోయి, లాంచీలో ఒకసారి అటూ ఇటూ తిరిగి, మట్టి ముంతలో టీ తాగి స్టేషన్‌కి వచ్చేయండి.